చేతిలో నాణెమా, వేదికపై పెట్టెలా? మ్యాజిక్‌ను వృత్తిగా తీసుకునేవారికి ఎంపిక సలహా

స్నేహితుల ముందు నాలుగైదు ఐటమ్‌లు తడబడకుండా చేయగలిగే స్థాయికి వచ్చిన తరువాత, మ్యాజిక్ నేర్చుకుంటున్నవారు సాధారణంగా అడిగే ప్రశ్న ఏ సామాను కొనాలన్నది. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: మీ ప్రేక్షకుడు మీకు ఎంత దూరంలో, ఏ వైపున, ఎటువంటి వెలుతురులో కూర్చుంటాడు? గుప్పిట్లో నాణెం మాయం చేయడమూ, మనిషిని రెండు ముక్కలుగా కోసి తిరిగి అతికించడమూ ఒకే మెట్లదారిలో కింది మెట్టు, పై మెట్టు అని చాలామంది అనుకుంటారు గాని, ఆచరణలో అవి రెండు వేర్వేరు వృత్తులు. వాటికి కావలసిన సాధన వేరు, పెట్టుబడి వేరు, పిలిచేవారు వేరు, చివరకు ప్రదర్శన ముగించుకుని ఇంటికి చేరే వేళ కూడా వేరు.

ఇక్కడ నాలుగు తరహాలను పోలుస్తున్నాను: ప్రేక్షకుడి చేతికందే దూరంలో చేసే క్లోజప్, ఒక గదికి లేదా చిన్న హాలుకు సరిపోయే పార్లర్, పెద్ద పెట్టెలతో, సహాయకులతో చేసే స్టేజ్ ఇల్యూజన్, మనసులోని మాటను పసిగట్టినట్లు చూపే మెంటలిజం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్నవారు రెండు సూట్‌కేసుల్లో పట్టే సామానుతో, తెలుగులో మాట్లాడుతూ నడిపే 45 నిమిషాల పార్లర్ ప్రదర్శనను ముందుగా తయారు చేసుకోవాలి. మిగిలిన మూడింటిలో ఏదైనా దాని తరువాతనే.

చేతికందే దూరంలో

క్లోజప్ మన ప్రాంతానికి కొత్తది కాదు. వీధిలో చుట్టూ మూగిన జనం మధ్య నేల మీద కూర్చుని గారడీ చేసినవారూ, బ్రాహ్మణుల ఇళ్ల ముంగిట తమ విద్య చూపి సంభావన అందుకున్న విప్రవినోదులూ చేసింది ఇదే. కేరళలో వాళక్కున్నం నంబూద్రి చిన్న గిన్నెలతో, బంతులతో చేసిన హస్తలాఘవాన్ని అక్కడి ఐంద్రజాలికులు ఇప్పటికీ తమ సంప్రదాయానికి మూలంగా చెప్పుకుంటారు. ఇందులో పెట్టుబడి దాదాపు శూన్యం. సాధన మాత్రం సంవత్సరాల తరబడి సాగాలి, ఎందుకంటే ప్రేక్షకుడు రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు చేతివాటంలోని లోపాన్ని సంగీతమూ దీపాలూ దాచలేవు.

ఈ తరహాకు ఇప్పుడు మన వద్ద ఉన్న ప్రధానమైన గిరాకీ పెళ్లి రిసెప్షన్లు. వధూవరులతో ఫొటో దిగడానికి అతిథులు వేదిక దాకా వరుసలో నిలబడి విసుగు చెందే సమయమే క్లోజప్ ఐంద్రజాలికుడికి అనువైన సమయం. ఒక్కో బృందం వద్ద ఐదు నిమిషాలు, పక్క బృందం వద్దకు నడవడానికి, జేబుల్లోని సామాను సర్దుకోవడానికి ఒక నిమిషం లెక్క వేసుకుంటే రెండు గంటల్లో ఇరవై బృందాలు పూర్తవుతాయి. అందువల్ల ప్రతి ఐటమ్ మళ్లీ మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతుందన్నది, అంటే రీసెట్, ఐటమ్ ఎంత గొప్పదన్న దానికన్నా ముఖ్యమవుతుంది. భోజనాల వద్దకు మాత్రం వెళ్లకండి. ఒక చేత్తో ప్లేటు పట్టుకున్నవారు రెండో చేత్తో మీ పేక ముక్కను తీసుకోలేరు.

పేక ముక్కల మాట వచ్చింది కనుక మరొక సంగతి. పాశ్చాత్య దేశాల క్లోజప్‌లో సగభాగం పేకలతోనే నడుస్తుంది గాని, మన ఇళ్లలో పేకకు జూదపు వాసన ఉంది. పెళ్లిలో పెద్దవారి ముందు పేకను పరిస్తే ముఖం తిప్పుకునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. బడిలో పిల్లల ముందైతే అసలు తీయకపోవడమే మంచిది. నాణేలు, కరెన్సీ నోట్లు, రబ్బరు బ్యాండ్లు, దారాలు, స్పాంజి బంతులు ఏ ఇంట్లోనైనా చెల్లుతాయి. అతిథి వేలి నుండి బంగారు ఉంగరం అడిగి తీసుకునే ఐటమ్‌ను, అది ఎంత అందమైనదైనా, పెళ్లిళ్లలో మానుకోవడం క్షేమం.

క్లోజప్‌కు ఉన్న అసలు పరిమితి సంఖ్య. ఒకేసారి ఎనిమిది, పది మందికి మించి చూడలేరు. డీజే మొదలైతే మీ మాట ఆ పది మందికి కూడా వినపడదు. దీని మీదనే ఆధారపడి జీవించేవారు పెద్ద నగరాల్లో ఉన్నారు; జిల్లా కేంద్రాల్లో ముహూర్తాల నెలలు దాటితే పిలుపులు సన్నగిల్లుతాయి.

ఒక గదికి సరిపోయే ప్రదర్శన

పార్లర్ అనే మాట మన వద్ద అంతగా వాడుకలో లేకపోయినా, తెలుగునాట జరిగే మ్యాజిక్‌లో ఎక్కువ భాగం ఈ కోవలోకే వస్తుంది: బడి వార్షికోత్సవం, అపార్ట్‌మెంట్ వినాయక చవితి మండపం, పుట్టినరోజు, గ్రంథాలయ వారోత్సవం, బ్యాంకు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనం. యాభై నుండి రెండు వందల మంది, ఎదురుగా కొందరు, పక్కన కొందరు. తాడు, రింగులు, రుమాళ్లు, చింపి అతికించే వార్తాపత్రిక, ఒక బాలుణ్ణి పైకి పిలిచి చేసే హాస్యపు ఐటమ్, అందరి మనసులో నిలిచిపోయే ఒక ముగింపు. ఇవన్నీ ఒక మడత బల్ల మీద ఒదిగిపోతాయి.

నేటి ఐంద్రజాలికుడి రూపానికి మూలపురుషుడిగా చెప్పుకునే ఫ్రెంచివాడు రాబర్ట్ హూదిన్ స్వతహాగా గడియారాలు చేసేవాడు. అతడు 1845లో పారిస్‌లోని పాలే రాయల్‌లో తన సాయంకాల ప్రదర్శనలు మొదలుపెట్టినప్పుడు, మంత్రగాడి అంగీని వదిలి, ప్రేక్షకులు వేసుకునే రకం దుస్తుల్లోనే వేదికపైకి వచ్చాడు. అతని రంగశాల కూడా చిన్నదే. మన వద్ద చాలామంది ఇంకా తలపాగా, జరీ షేర్వాణీతో మహారాజు వేషం వేస్తుంటారు. అది బెంగాలీ ఐంద్రజాలికుడు పి.సి. సర్కార్ (సీనియర్) విదేశాల్లో భారతీయ ఇంద్రజాలానికి గుర్తింపు తేవడానికి తీర్చిదిద్దుకున్న రూపం. ఆయన వేదిక పరిమాణానికి, ఆయన పరివారానికి అది సరిపోయింది. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఒంటరిగా నిలబడినవారికి అదే వేషం కొంత వెలితిగా ఉంటుందని నేను అనుకుంటాను.

పార్లర్‌ను ఎంచుకునేవారు నిజంగా సిద్ధపడవలసింది పగటి వెలుతురుకు. బడుల్లో ప్రదర్శన తరచుగా ప్రార్థన జరిగే మైదానంలో, పదకొండు గంటల ఎండలో ఏర్పాటు చేస్తారు. పిల్లలు మూడు వైపులా కూర్చుంటారు, నాలుగో వైపున ఉపాధ్యాయులు కుర్చీలు వేసుకుంటారు. ఒకసారి నేను యాంగిల్స్, అంటే ప్రేక్షకులు ఏ ఏ వైపుల నుండి చూస్తారన్నది, అడగకుండా ఒప్పుకుని వెళ్లిన బడిలో నా వెనుక మేడ మెట్ల మీద తొమ్మిదో తరగతి మొత్తం కూర్చుని ఉంది. నేను వేసుకున్న వరుసలో సగం ఐటమ్‌లను అక్కడికక్కడే మార్చవలసి వచ్చింది. అప్పటి నుండి వెనుక గోడ ఉన్న చోటే బల్ల వేస్తానని నిర్వాహకులకు ముందే రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. గాలికి లేచిపోయే పలుచని రుమాళ్లు, వెనుక నుండి చూస్తే పని చేయని ఐటమ్‌లు, చీకటి ఉంటేనే ఫలించేవి, ఈ మూడు రకాలనూ మొదటి ప్రదర్శన నుండి తీసివేయడం మంచిది. మిగిలినవాటితోనే 45 నిమిషాలు నింపగలిగితే మీ ప్రదర్శన ఏ ఊరిలోనైనా నిలబడుతుంది.

పెద్ద పెట్టెల ఆకర్షణ

స్టేజ్ ఇల్యూజన్‌కు ఉన్న ఆకర్షణ కాదనలేనిది. 1921 జనవరిలో లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ ఎంపైర్‌లో పి.టి. సెల్బిట్ ఒక స్త్రీని పెట్టెలో ఉంచి కోసి చూపిన నాటి నుండి, ఐంద్రజాలికుడు అనగానే సామాన్యుడి కళ్ల ముందు మెదిలేది ఆ దృశ్యమే. 1956 ఏప్రిల్‌లో బీబీసీ పనోరమా కార్యక్రమంలో సర్కార్ తన సహాయకురాలిని రంపంతో కోసినట్లు చూపి, ఆమెను తిరిగి లేపడానికి చేసిన ప్రయత్నం ఫలించనట్లు కనిపిస్తుండగానే సమయం ముగిసిందంటూ ప్రసారం ఆగిపోయింది. ఆందోళన చెందిన ప్రేక్షకుల ఫోన్లతో బీబీసీ టెలిఫోన్ లైన్లు నిండిపోయాయి, లండన్ డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో ఆయన ప్రదర్శనలకు అంతకు మించిన ప్రచారం అవసరం లేకపోయింది. ఆ రాత్రి పెట్టె, రంపం కన్నా ముగింపు పడిన క్షణమే ఎక్కువ పని చేసిందన్నది గమనించదగిన విషయం. అదే సర్కార్ పెద్ద పెద్ద ఇల్యూజన్ల నడుమ ఒక మామూలు చెంబును పదే పదే వంచి, ఖాళీ అయిందనుకున్న ప్రతిసారీ నీళ్లు పోసి నవ్వించేవారు. వాటర్ ఆఫ్ ఇండియా అని పిలిచే ఆ చెంబు పార్లర్ వస్తువే.

ఖర్చు విషయానికి వద్దాం. ఉదాహరణకు లెక్క కోసం వేసుకున్న అంకెలు ఇవి. ఇల్యూజన్ ప్రదర్శనకు 25,000 రూపాయలు ఇస్తామన్నారనుకోండి. సామాను మోసే వ్యానుకు 6,000, ముగ్గురు సహాయకులకు తలా 2,000 చొప్పున 6,000, అందరి భోజనాలకు, బసకు 2,000, దుస్తులు, మరమ్మతుల నిమిత్తం పక్కన పెట్టవలసింది 3,000 పోతే చేతిలో మిగిలేది 8,000. పార్లర్ ప్రదర్శనకు 12,000 మాత్రమే ఇచ్చినా, ప్రయాణానికి 1,500, ఒక సహాయకుడికి 1,500 పోగా 9,000 మిగులుతుంది. పైగా అదే రోజు సాయంత్రం మరొక ప్రదర్శనకు వెళ్లగలుగుతారు. పెట్టెలను విప్పి, బిగించి, దీపాలు సరిచూసుకోవడానికి మూడు గంటలు పట్టే ఇల్యూజన్ బృందానికి ఆ అవకాశం ఉండదు. సామానును భద్రపరిచే గది అద్దె ఈ లెక్కలో ఇంకా చేర్చనే లేదు.

సహాయకుల విషయం మరింత క్లిష్టమైనది. ఇల్యూజన్‌లో కష్టమంతా పెట్టెలో ఉన్న మనిషిది. చప్పట్లు బయట ఉన్న మనిషివి. ఏడాది పాటు తర్ఫీదు పొందిన సహాయకురాలు పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోతే, ఆమె శరీర పరిమాణానికి కొలిచి చేయించిన పెట్టె మూలన పడుతుంది. అందుకే ఈ తరహాను నిలబెట్టుకున్నవారిలో కుటుంబ బృందాలు ఎక్కువగా కనిపిస్తాయి. హూడినీ, ఆయన భార్య బెస్ కలిసి చేసిన మెటమార్ఫసిస్‌కు కావలసింది ఒక ట్రంకు పెట్టె, ఒక తెర, ఇద్దరు మనుషులు. ఒకరు బంధితులై లోపల ఉండగా, కొన్ని క్షణాల్లో స్థానాలు తారుమారవుతాయి. ఇల్యూజన్ చేసి తీరాలనుకునే దంపతులు, అన్నదమ్ములు ఎవరైనా ఉంటే నేను మొదట సూచించేది దీనినే, ఎందుకంటే ఇందులో డబ్బు కన్నా సాధన ఎక్కువ పని చేస్తుంది.

రవీంద్రభారతి, విజయవాడలోని తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి హాళ్లలో టిక్కెట్టు పెట్టి రెండు గంటల ప్రదర్శన నడపాలన్నది మీ లక్ష్యమైతే పెద్ద ఇల్యూజన్లు లేకుండా సాగదు. చివరి వరుసకు నాణెం కనిపించదు కదా. అటువంటి రోజు వచ్చినప్పుడు కూడా మొదట పెట్టెలను అద్దెకు తీసుకుని, బాల్కనీలో ఒకరిని కూర్చోబెట్టి, పక్క సీట్ల నుండి వీడియో తీయించి చూసుకున్న తరువాతనే సొంతానికి చేయించుకోండి. చవకైన ప్లైవుడ్ పెట్టెను కొని, దానితో చేయవలసిన నెలల రిహార్సల్‌కు మాత్రం వెనుకాడేవారిని చూసినప్పుడు ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టిన సామెతే గుర్తుకు వస్తుంది.

మనసు చదివే విద్య

మెంటలిజం సామాను పరంగా అన్నిటికన్నా తేలిక; కాగితాలు, మార్కరు, రెండు మూడు పుస్తకాలు, ఒక కవరు చాలు. చిన్న వయసులోనే పెద్ద స్టేజ్ ఇల్యూజన్లతో దేశమంతా తిరిగిన సుహానీ షా తరువాతి కాలంలో ఆ పెట్టెలన్నిటినీ వదిలి మెంటలిస్టుగా స్థిరపడడం ఈ పోలికకు మంచి ఉదాహరణ. హైదరాబాదులోని ఐటీ సంస్థల సమావేశాలకు, పెద్దలు మాత్రమే ఉండే విందులకు ఈ తరహా చక్కగా సరిపోతుంది. పదేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఇది పట్టదు. ఒక మనిషి కాగితం మీద రాసిన పేరు మీకు తెలిసిందన్న ఆశ్చర్యం, గాలిలో నుండి రుమాలు తీసిన ఆశ్చర్యంలా వారిని తాకదు. మాటే ఇక్కడ ఉపకరణం కనుక తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ తడుముకోకుండా మాట్లాడగలగాలి.

మన సమాజంలో మెంటలిస్టు మీద ఒక అదనపు బాధ్యత ఉంది. ప్రదర్శన ముగిశాక ఎవరో ఒకరు వచ్చి కుమార్తె పెళ్లి ఎప్పుడవుతుందో, పోయిన నగ ఎక్కడుందో చెప్పమని అడుగుతారు. తనకు అటువంటి శక్తి లేదని, చేసింది వినోదం మాత్రమేనని మర్యాదగా చెప్పి పంపడం వృత్తి ధర్మం. తాయెత్తులు, మంత్రించిన మందుల వైపు జారినవారు 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల ప్రకటనల నియంత్రణ చట్టం పరిధిలోకి కూడా రావచ్చు. దీనికి సరిగ్గా ఎదురు దిక్కున, జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు బాబాల మహిమలుగా చెలామణి అయ్యేవాటిని చేసి చూపి, వెనుక ఉన్న కిటుకును విప్పి చెప్పే ప్రదర్శనలు నడుపుతాయి. అది గౌరవించదగిన పని. అయితే ఆ తరహాను, వినోద ప్రదర్శనను ఒకే వేదికపై కలపవద్దని నా సలహా, ఎందుకంటే ఒక్క రహస్యం విప్పిన మరుక్షణం నుండి ప్రేక్షకులు మిగిలిన గంటంతా తరువాతి రహస్యం కోసమే చూస్తారు.

మాట్లాడాలా, సంగీతానికి చేయాలా

తరహా తేలిన తరువాత వచ్చే ఎంపిక ఇది, చాలామంది దీనిని తేలికగా తీసుకుంటారు. మౌన ప్రదర్శనలో శిఖరం వంటి కార్డినీ, వేల్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు, కొద్ది నిమిషాల ఒకే అంకాన్ని జీవితమంతా చెక్కుతూ వచ్చాడు. పేకలు, సిగరెట్లు తన చేతిలోకి ఎలా వస్తున్నాయో తనకే తెలియని, కాస్త మత్తులో ఉన్న పెద్దమనిషిగా అతడు కనిపించేవాడు. ఆనాటి వెరైటీ థియేటర్లలో పది నిమిషాల అంకానికి ఏళ్ల తరబడి పని దొరికేది. ఇప్పుడు అటువంటి చిన్న అంకానికి చోటున్నది అంతర్జాతీయ పోటీల్లో, టీవీలో, విహార నౌకల్లో. ఐంద్రజాలిక సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిజమ్ మూడేళ్లకొకసారి నిర్వహించే ప్రపంచ పోటీలు మీ లక్ష్యమైతే, లేదా భాష తెలియని దేశాల్లో పని చేయాలనుకుంటే, సంగీతానికి కట్టిన మౌన అంకమే సరైన దారి.

తెలుగు ఊళ్లలో మాత్రం మౌనం ఎక్కువసేపు నిలవదు. కరెంటు పోతే సంగీతం ఆగిపోతుంది, సంగీతంతో పాటు మీరూ ఆగిపోతారు. మాట్లాడే ఐంద్రజాలికుడు ఆ చీకటినే ఒక ఛలోక్తిగా మార్చుకుని జనరేటరు వచ్చేదాకా నెట్టుకురాగలడు. అంతకన్నా ముఖ్యంగా, మన ప్రేక్షకులు హరికథలో, బుర్రకథలో, అవధానంలో మాటకు అలవాటుపడ్డవారు. చమత్కారానికి చప్పట్లు కొట్టే చెవి వారికి ఉంది. ఇంగ్లీషు వీడియోల్లో విన్న ప్యాటర్‌ను, అంటే ఐటమ్‌తో పాటు చెప్పే మాటలను, అలాగే తెలుగులో దింపితే ఆ చెవికి వెంటనే పరాయిగా తోస్తుంది. పైకి పిలిచిన అబ్బాయి పేరు, ఊరి పేరు, ఆ నెలలో వచ్చే పండుగ, ఇవే మీ హాస్యానికి ముడిసరుకు కావాలి. పెద్దవారిని వేదికపైకి పిలిచినప్పుడు వారిని నవ్వులపాలు చేసే హాస్యం జోలికి పోకండి. ఆ నవ్వు ఆ పూటకు బాగుంటుంది, మరుసటి ఏడాది పిలుపు రాదు.

అమెరికాలోని తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి వేడుకలకు వెళ్లేవారికి మధ్యేమార్గం అవసరం. అక్కడ తల్లిదండ్రులు తెలుగు వినడానికి వస్తారు, వారి పిల్లలకు ఇంగ్లీషే సులువు. ఐటమ్‌లోని క్రమమంతా చూపుతోనే అర్థమయ్యేలా కట్టుకుని, హాస్యాన్ని తెలుగులో, పిల్లలకు ఇచ్చే సూచనలను ఇంగ్లీషులో ఉంచడం అక్కడ బాగా పని చేస్తుంది.

జంతువుల గురించి, ప్రమాదకరమైన సాహసాల గురించి ఎక్కువ చెప్పను. టిక్కెట్టు ప్రదర్శనల్లో పావురాలను వాడాలన్నా 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల ప్రకారం నమోదు అవసరం. రామచిలుకను పంజరంలో ఉంచడమే వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇక సాహసాల మాటకు వస్తే, తుపాకీ గుండును పట్టే ఐటమ్‌లో చుంగ్ లింగ్ సూ 1918లో లండన్ వేదికపైనే గాయపడి మరణించాడు. గొలుసులతో కట్టించుకుని హుగ్లీ నదిలోకి దిగిన కోల్‌కతా ఐంద్రజాలికుడు చంచల్ లాహిరి 2019లో తిరిగి పైకి రాలేదు. ఈ రెండూ ఎంపికల జాబితాలోనే ఉండకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఉద్యోగం మానాలా

చాలామంది చివరికి అడిగేది ఇదే. తెలుగువారిలో బి.వి. పట్టాభిరామ్ ఇంద్రజాలంతో మొదలై, హిప్నాటిజం మీదుగా, వ్యక్తిత్వ వికాస శిక్షణ, కౌన్సెలింగ్, పుస్తక రచనల దాకా తన పరిధిని విస్తరించుకున్నారు. చొక్కాపు వెంకటరమణ మ్యాజిక్‌ను బాలసాహిత్యంతో జోడించారు. కేరళలో గోపీనాథ్ ముతుకాడ్ పేరు గడించిన ఐంద్రజాలికుడిగా ఉంటూనే 2021లో వృత్తిపరమైన ప్రదర్శనలకు స్వస్తి చెప్పి, దివ్యాంగులైన పిల్లల శిక్షణకు అంకితమయ్యారు. ముగ్గురి దారులు వేరైనా, ముగ్గురూ మ్యాజిక్ పక్కన మరొక పనిని నిలబెట్టుకున్నవారే. అందువల్ల ఉద్యోగమా, మ్యాజిక్కా అని కాకుండా, మ్యాజిక్‌తో పాటు ఏది అని ఆలోచించడం మేలు: బోధన, యాంకరింగ్, పిల్లల వర్క్‌షాపులు, సామాను తయారీ. ఆదివారాలు, సెలవులు మాత్రమే వాడుకుంటూ పన్నెండు నెలలు నడిపి చూడండి; పరీక్షల కాలం, ఆషాఢం, శూన్యమాసం, వానాకాలం అన్నీ అందులో కలిసి వస్తాయి కనుక ఖాళీ నెలలు ఎన్నో మీ పుస్తకంలోనే తేలుతుంది. ఆ ఖాళీ నెలలకు సరిపడా నిల్వ లేకుండా రాజీనామా ఇవ్వకండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కూడా తప్పదు, అయితే అది సంతోషంగా ఎదుర్కొనవలసిన ఇబ్బంది.

పార్లర్ దారిని ఎంచుకున్నవారు మొదటి సంపాదనతో ఏం కొనాలో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అసలు ప్రశ్న అక్కడే మొదలైంది. కొత్త ఐటమ్ కన్నా ముందు తలకు తగిలించుకునే మంచి మైకు, దానికి సరిపడే చిన్న బ్యాటరీ స్పీకరు కొనండి. నిర్వాహకులు ఇచ్చే చేతి మైకును పట్టుకుంటే మీకు మిగిలేది ఒక్క చెయ్యే. మైకును పట్టుకోవడానికి పిలిచిన పిల్లవాడు మీ ముఖం వైపు కాకుండా మీ చేతుల వైపే చూస్తూ నిలబడతాడు. ఆ తరువాత మడిచి కారు డిక్కీలో పెట్టగల బల్ల, దాని ముందు వేలాడే నల్లని గుడ్డ, వెనుక నిలబెట్టగల తేలికపాటి తెర. ఇవన్నీ చేతికి వచ్చాక అప్పటికే మీ వద్ద ఉన్న ఐటమ్‌లను వాటితో పది ప్రదర్శనలు ఆడి, ప్రతిసారీ వీడియో తీయించుకుని, ప్రేక్షకులు ఎక్కడ ఫోన్లు చూసుకుంటున్నారో గుర్తించి, ఆ చోట ఉన్న ఐటమ్‌ను తీసివేయండి. దాని స్థానంలో ఏది పెట్టాలో తెలిసినప్పుడే సామాను దుకాణానికి వెళ్లండి.